రేకు జీపుకి రవ్వ ముద్ద

పాత జీపు తలుపు నడుమ వేలి కణుపుతో ఒక్కటి కొట్టి చూడండి. ‘టంగ్’ మని మోగి, ఆ మోత కాసేపు సాగుతుంది. ఇప్పుడు రెండో అరచేతిని అదే రేకుకు గట్టిగా ఆనించి మళ్ళీ కొట్టండి. ‘టక్’ మని అక్కడికక్కడే ఆగిపోతుంది. పాత బండిలో రొద తగ్గించే విద్యకు ఓనమాలు ఇవే. ఆ అరచెయ్యి చేసిన పనిని శాశ్వతంగా చేసి పెట్టే వస్తువేది, దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెడితే దండగ అన్నదే మిగతా కథంతా. పాత జిప్సీనో, మహీంద్రా 540నో ప్రాణంగా చూసుకునేవాళ్ళ కోసం ఈ విశేషాలు.

మృదంగం చెప్పిన పాఠం

మృదంగ విద్వాంసులకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. కచేరీకి ముందు ఎడమ ముఖం మధ్యలో తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతారు. బరువు పెరగడంతో తోలు మెల్లగా ఊగుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. ముద్దలోని మెత్తదనం పైస్థాయి స్వరాలను మింగేస్తుంది. కచేరీ కాగానే గీకి తీసేస్తారు. కుడి ముఖం మీది నల్లని పూత సంగతి ఇంకా లోతైనది. మామూలు డప్పులో పొంతన లేకుండా పలికే అనుస్వరాలు ఆ పూత వల్లే ఒకదానితో ఒకటి కలిసి వస్తాయని సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. రామన్ బడి చదువు మన విశాఖపట్నంలోనే సాగింది.

జీపు తలుపూ ఒక రకం మృదంగమే. అంచులు బిగించి, నడుమ వదిలేసిన పలచని పలక. ఇంజను, గేరుబాక్సు, రోడ్డు మూడూ కలిసి దాన్ని వాయిస్తుంటాయి. మృదంగానికి మోగడం కావాలి, తలుపుకి అక్కర్లేదు. అంతే తేడా.

చూయింగ్ గమ్‌కి దగ్గరి చుట్టం

కార్ల సామాను దుకాణాల్లో డ్యాంపింగ్ షీట్ అని అమ్ముతారు. ఒక పక్క వెండిలా మెరిసే అల్యూమినియం పొర, రెండో పక్క నల్లని జిగురు. ఆ నలుపు బ్యుటైల్ రబ్బరు. 1937లో అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ అనే రసాయన శాస్త్రవేత్తలు దాన్ని తయారుచేశారు. గాలిని బయటికి పోనివ్వని గుణం చూసి టైర్ల ట్యూబులకు వాడారు. మరో గుణం మన పనికొచ్చేది. మామూలు రబ్బరు బంతిని నేలకేసి కొడితే ఎగురుతుంది. బ్యుటైల్ బంతి ఎగరదు, చతికిలబడుతుంది. ఎగరాల్సిన శక్తి లోపలే వేడిగా మారిపోతుంది. రేకు ఊపు కూడా అలాగే అందులోకి ఇంకిపోతుంది. ఇదే కుటుంబానికి చెందిన పాలీఐసోబ్యుటిలీన్‌ను చూయింగ్ గమ్‌లో వాడతారు.

పంక్చరు షాపులో పడేసిన లారీ ట్యూబు కోసి, సొల్యూషన్ పూసి తలుపు లోపల అంటించేవాళ్ళున్నారు. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, రేకుకు పూర్తిగా అతుక్కుంటే కొంత పని చేస్తుంది. కానీ పైన అల్యూమినియం పొర ఉన్న షీటు ముందు తీసికట్టే. రేకు వంగబోయినప్పుడల్లా ఆ పొర సాగనని మొరాయిస్తుంది. రెండింటి మధ్య చిక్కుకున్న బ్యుటైల్ అటూ ఇటూ నలుగుతుంది. ఆ నలుగుడులోనే మోత చస్తుంది.

పావు వంతు చాలు

తెలియక చాలామంది చేసే ఖర్చు ఇక్కడే. నేల, తలుపులు, కప్పు, చక్రాల గుబ్బలు అన్నీ అంగుళం విడవకుండా షీటుతో కప్పేస్తారు. అక్కర్లేదు. పలక ఎక్కువగా ఊగేది మధ్యలో. అక్కడ పావు వంతు నుంచి మూడో వంతు మేర అంటిస్తే మోగడం చాలావరకు ఆగిపోతుంది. మిగిలిన ముప్పాతికకు పెట్టిన డబ్బు తెచ్చే తేడా స్వల్పం. బరువు మాత్రం మొత్తానికీ పడుతుంది. చదరపు మీటరుకు మూడు కిలోలకు అటూ ఇటూగా తూగే షీటు బండి నిండా పరిస్తే పాతిక, ముప్పై కిలోలు అవుతుంది. జిప్సీ మొత్తం బరువే టన్నుకు అటూ ఇటూ.

అంటించేముందు రేకును పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడవాలి, అంటించాక రోలరుతో ఒత్తాలి. షీటుకీ రేకుకీ మధ్య గాలి బుడగ ఉన్నచోట ఏ పనీ జరగదు. బుడగలో నీరు చేరితే తుప్పు కూడా మొదలవుతుంది. షీటు ఏ కంపెనీదని ఆరా తీసేవాళ్ళు రోలరు పట్టింది ఎవరని కూడా అడగాలి. ఫలితం చేతి నొక్కులో ఉంది.

సగం ఆపినా చెవికి ఆనదు

ఒకే స్థాయిలో మోగే రెండు శబ్దాల్లో ఒకదాన్ని పూర్తిగా తీసేస్తే ఎంత తగ్గుతుంది? 3 డెసిబెల్సే. ‘ఏదో కాస్త తగ్గినట్టుంది’ అనిపిస్తుందంతే. మోత సగమైందని మనసుకు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. అంటే శబ్దశక్తిలో పదింట తొమ్మిది వంతులు పోవాలి. నేలకు షీటు వేయించి, ‘ఇంత ఖర్చు పెట్టాను, ఏమీ మారలేదే’ అని దిగులుపడే యజమానికి ఈ లెక్క ఎవరో ఒకరు ముందే చెప్పాల్సింది. మొదటి పనికి ఫలితం కనిపించకపోవడం సహజం. రెండో కారణాన్నీ మూడో కారణాన్నీ తీశాకే మార్పు ఒక్కసారిగా తెలుస్తుంది.

పది రూపాయల నోటు పరీక్ష

ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన విశేషం. శబ్దాన్ని ఎంత గట్టిగా ఆపే గోడ కట్టినా, అందులో నూటికి ఒక్క వంతు సందు వదిలితే ఆ గోడ 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. గోడ మందం పది రెట్లు పెంచినా అంతే. కుండకు చిల్లి ఉండగా కుండ మందం పెంచి లాభమేముంది?

పాత జీపులో ఆ చిల్లులు ఎన్నో. గేరు రాడ్ల చుట్టూ చిరిగిన రబ్బరు తొడుగు, క్లచ్చి పెడలు దూరే కంత, ఇంజనుకీ కేబినుకీ మధ్య గోడలో వైర్ల కోసం వేసి తర్వాత వదిలేసిన రంధ్రాలు, ఎండకు గట్టిపడి పగిలిన తలుపు బీడింగ్. ఇంజను రొదతోబాటు వేడీ, దుమ్మూ, డీజిలు వాసనా వచ్చే దారులూ ఇవే. ఒకటి మూస్తే నాలుగూ ఆగుతాయి. వైర్ల కంతకు రబ్బరు గ్రోమెట్ ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది. వేలు పోసి కొన్న షీట్ల కంటే ముందు వీటి పని చూడాలన్నది నా గట్టి నమ్మకం.

బీడింగ్ బాగుందో లేదో తేల్చడానికి పది రూపాయల నోటు చాలు. తలుపు సందులో నోటు పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే సరే. జారిపోయి వచ్చేసిందంటే అక్కడ రబ్బరు నొక్కడం లేదు. తలుపు చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలా చూసుకుంటూ పోవాలి. ఇంకో దారి, సందులన్నింటి మీదా పెయింటర్లు వాడే కాగితం టేపు అంటించి ఒక చుట్టు తిరిగి రావడం. ఒక్కో టేపూ పీకుతూ మళ్ళీ నడిపితే ఏ సందు ఎంత మోస్తోందో చెవే చెబుతుంది.

నేలకు బిరడా

రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపుకు తలుపుల్లేవు, పైన కాన్వాసు టాపు తప్ప కప్పు లేదు. నేల రేకులో మాత్రం నీళ్ళు పోయే కంత, దానికో బిరడా ఉండేవి. వానకు లోపల నీళ్ళు నిలిస్తే బిరడా తీసేయడమే. ఇన్సులేషన్ అనే ఆలోచనే లేని బండి అది. మన దగ్గర అదే వంశంలో పుట్టిన జీపుల నేలలోనూ ఇలాంటి కంతలు ఉంటాయి. షీటు పరిచే ఉత్సాహంలో వాటిని కప్పేస్తే తర్వాతి వానాకాలానికే నేల కుళ్ళుతుంది.

జిప్సీ ఎందుకు పాడుతుంది?

1985 డిసెంబరులో వచ్చిన మారుతి జిప్సీ సుజుకి ఎస్‌జే410కి భారతీయ రూపం. మొదట 970 సీసీ ఇంజను, 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌కు 1298 సీసీ. నడిపినవాళ్ళందరికీ దాని ‘ఊఁ...’ అనే పాట గుర్తుంటుంది. ఆ పాట ఇంజనుది కాదు. నాలుగు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు జిప్సీలో గేరుబాక్సుకు అతికి ఉండదు. విడిగా, నడుమ ఒక చిన్న షాఫ్టుతో, చాసిస్‌కు మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. పళ్ళు అరిగి ఆ రబ్బర్లు చితికితే గేర్ల కూత నేరుగా చాసిస్‌లోకి, అక్కడినుంచి నేల రేకులోకి ఎక్కుతుంది.

అంటే ఆ నేల ఒక లౌడ్‌స్పీకరు అట్ట లాంటిది. అట్టను పట్టుకుని నొక్కే బదులు వైరు తెంపేయడం మేలు. కొత్త మౌంట్లు వేయించడం, కమాను కట్టల బుష్షులు మార్పించడం, సైలెన్సరును పట్టుకునే రబ్బరు లింకులు చూడటం, బాడీని చాసిస్ మీద నిలబెట్టే రబ్బరు బిళ్ళలు నలిగాయేమో పరికించడం. ఇవన్నీ మెకానిక్కు పనులు. అలంకరణ షాపుకు వెళ్ళకముందే అయిపోవాలి.

టైరు పలికే స్వరం

బురదలో పట్టు కోసం వేసే గళ్ళ టైరు తారురోడ్డు మీద ఎందుకు అరుస్తుందో లెక్క కట్టొచ్చు. చుట్టుకొలత 2.1 మీటర్లు, చుట్టూ 40 గళ్ళు ఉన్న టైరు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 8 సార్లు తిరుగుతుంది. ఒక్కో గడీ రోడ్డును ఒక్కో దెబ్బ కొడుతుంది. సెకనుకు 320 దెబ్బలు. 320 హెర్ట్జ్ అంటే మన గొంతు హాయిగా పలికే స్వరమే. వేగం పెరిగితే స్వరమూ పైకెక్కుతుంది. అందుకే టైర్ల కంపెనీలు గళ్ళన్నింటినీ ఒకే కొలతలో చేయవు. కొన్ని పొడుగ్గా, కొన్ని పొట్టిగా వరస మార్చి పేరుస్తాయి. అప్పుడు అరుపు ఒకే స్వరం మీద నిలవదు, నాలుగైదింటి మీదికి చెదిరిపోయి గాలి హోరులా వినిపిస్తుంది. మన టైరు మీద చెయ్యి పెట్టి తడిమితే ఈ తేడా వేళ్ళకు తగులుతుంది.

స్పాంజికి లొంగని గుమ్మటం మోత

కొన్ని బండ్లలో ఒక వేగం దగ్గర చెవులు దిబ్బళ్ళు పడేట్టు ‘గుమ్’ మంటుంది, దాటగానే పోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. 2250 ఆర్‌పీఎంలో సెకనుకు 75 పేలుళ్ళు. ముందు అద్దం నుంచి వెనక తలుపు దాకా 2.3 మీటర్లు ఉన్న కేబిన్లోని గాలికి సొంతంగా ఊగే లయ కూడా సుమారు సెకనుకు 75. ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టు రెండూ కలుస్తాయి.

ఈ మోతను కప్పుకు అంటించిన స్పాంజి పీల్చుకుంటుందని అనుకోవద్దు. మెత్తని పదార్థం శబ్దాన్ని బాగా పీల్చాలంటే దాని మందం ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి. 75 హెర్ట్జ్‌కు అది మీటరు కంటే ఎక్కువ. జీపులో మీటరు మందం పరుపు వేసుకోలేం కదా. దీనికి ఇంజను మౌంట్లు, సైలెన్సరు, వెనక తలుపు బిగువు చూసుకోవాలి. డీజిలు ఇంజను ‘టకటక’లాంటి పైస్థాయి చప్పుళ్ళకైతే పలచని మెత్త కూడా బాగానే పనికొస్తుంది.

కిటికీ ఒక్కటే తెరిస్తే

వెనక కిటికీ ఒక్కటే తెరిచి వేగంగా పోతే చెవుల్లో ‘ధబ్ ధబ్ ధబ్’ మంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే పలికేదీ, ఘటం మూతిని పొట్టకు ఆనించి తీస్తూ వాయించినప్పుడు వచ్చే గంభీరమైన నాదమూ ఇదే జాతి. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరు పెట్టారు దీనికి. మందు చాలా సులువు. ఇంకో కిటికీ రెండంగుళాలు దించండి.

అర్ధరాత్రి దిండ్లు మోసిన ఆచార్యుడు

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాసశాలలో మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. చెప్పిన మాట సెకన్ల తరబడి గోడల మధ్య తిరిగేది. దాన్ని సరిచేసే పని వాలెస్ సేబిన్ అనే యువ ఆచార్యుడికి అప్పజెప్పారు. ఆయన పక్కనున్న నాటకశాల సీట్ల దిండ్లను రాత్రివేళ సహాయకులతో మోయించి తెచ్చి, ఒక్కో వరస పెంచుతూ, ఆర్గాన్ గొట్టం ఊది, మోత పూర్తిగా ఆగేదాకా స్టాప్‌వాచితో కొలిచారు. తెల్లారేసరికి దిండ్లు తిరిగి నాటకశాలకు చేరేవి. గదుల శబ్దశాస్త్రం అలా పుట్టింది.

ఆ కొలతల్లో మనుషుల లెక్క కూడా ఉంది. ఒక్కో మనిషీ దుస్తులతో, ఒంటితో కొంత శబ్దం పీల్చుకుంటాడు. అందుకే ఒంటరిగా నడిపితే హోరుమనే జీపు, నలుగురు ఎక్కితే కాస్త శాంతిస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు కిలోమీటరు దూరంలో పైనున్న బాలా హిస్సార్ దగ్గర వినిపించడానికి గట్టి రాతి గోడలే కారణం. అవి దేన్నీ పీల్చుకోవు, తిప్పి పంపేస్తాయి. లోపలి గుడ్డ ఊడిపోయిన జీపు కప్పు కూడా అంతే. నేల మీది షీట్లకంటే ముందు కప్పుకు ఫెల్టు, గుడ్డ వేయిస్తే మాటలు స్పష్టమవుతాయి.

బొంతలు, కొబ్బరి పీచు

కార్ల తివాచీ కింద కనిపించే రంగురంగుల పోగుల ఫెల్టు చాలావరకు పాత బట్టలే. చింపి, పీచు చేసి, మళ్ళీ అదిమిన దుప్పటి. చిరిగిన ఉన్నిని ఇలా తిరిగి పీచు చేసే విద్యను 1813లో ఇంగ్లండులోని బాట్లీ ఊళ్ళో బెంజమిన్ లా మొదలుపెట్టాడు. పాత చీరల్ని దొంతిగా పేర్చి బొంత కుట్టే మన అమ్మమ్మల లెక్క కూడా ఇదే, గుడ్డ పొరల్లో గాలి చిక్కాలి. ఆ చిక్కిన గాలే చలినీ ఆపుతుంది, శబ్దాన్నీ పీలుస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సీట్లలో కొబ్బరి పీచు మెత్తలుండేవి. కోనసీమలో పీచు గుట్టలు చూసినవాళ్ళకు ఆ వాసన పరిచయమే.

పాత జీపులో మాత్రం ఈ పీచు ఫెల్టులను నేలకు నేరుగా పరవొద్దనే చెబుతాను. అవి నీళ్ళు తాగుతాయి. ఎలుకలకూ అంతకంటే మంచి పక్క దొరకదు. నేలకు నీళ్ళు పీల్చని, లోపలి గాలి గదులన్నీ మూసి ఉండే ఫోము వేయాలి. ఫెల్టు కప్పుకూ తలుపు అట్టల వెనక్కూ. పరుపుల దుకాణంలో దొరికే స్పాంజి ఎక్కడా వద్దు.

పన్నెండు మీటర్ల ఉక్కు

వేడి విషయంలో ఒక లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉక్కు ఉష్ణవాహకత సుమారు 50, మంచి ఫోముది 0.04. అంటే 1 సెంటీమీటరు ఫోము ఆపినంత వేడిని ఆపాలంటే ఉక్కు గోడ పన్నెండు మీటర్ల మందం ఉండాలి, నాలుగంతస్తుల మేడంత. ఆ పని చేస్తున్నది నిజానికి ఫోము కాదు, దాని గదుల్లో కదలకుండా కూర్చున్న గాలి.

మెరిసే వెండి ఫాయిల్ సంగతి వేరు. శుభ్రమైన అల్యూమినియం తన మీద పడ్డ ఉష్ణకిరణాల్లో తొంభై శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. కానీ ఎదురుగా గాలి ఖాళీ ఉంటేనే. వేడి రేకుకు అతికించి, పైన మళ్ళీ తివాచీ ఒత్తేస్తే ఆ మెరుపుకు విలువ లేదు. వేడి తాకుతూ దాటిపోతుంది. ఇంజను గోడకు, సైలెన్సరు పైనున్న నేలకు వేడి తగిలే వైపునే, వేలెడు ఖాళీ వదిలి ఫాయిల్ బిగిస్తే కాళ్ళు కాలడం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక కూడా. రోజంతా రెంటచింతల ఎండలో నిలిపిన బండిని ఏ ఇన్సులేషనూ చల్లగా ఉంచదు. వేడిలో ఎక్కువ భాగం అద్దాల్లోంచి వస్తుంది. ఏసీ నడుస్తున్నప్పుడు ఆ చల్లదనాన్ని పట్టి ఉంచడమే ఇన్సులేషను పని.

కప్పు మీద పందిరి

1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో లాండ్ రోవర్ తొలిసారి జనానికి కనిపించింది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కు కరువు కావడంతో బాడీ అల్యూమినియం మిశ్రమంతో చేశారు. తుప్పు బాధ తగ్గింది కానీ శబ్దం పెరిగింది. గోడ బరువు రెట్టింపైతే అది ఆపే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అల్యూమినియం అదే మందం ఉక్కులో మూడో వంతు బరువే తూగుతుంది. ఉక్కు కంటే వేగంగా వేడిని లోపలికి చేరవేస్తుంది కూడా.

ఈ వేడికి లాండ్ రోవర్ ఇంజనీర్లు చేసిన ఉపాయం నాకెంతో నచ్చుతుంది. వేడి దేశాలకు పంపే బండ్లకు కప్పు మీద ఇంకో కప్పు వేశారు. రెండింటి మధ్య ఖాళీ. ఎండ పై రేకును కాలుస్తుంది, బండి కదిలితే ఆ ఖాళీలోంచి గాలి దూరి వేడిని ఎత్తుకుపోతుంది, కింది కప్పు నీడలో ఉంటుంది. సఫారీ కప్పు, ట్రాపికల్ కప్పు అని పేర్లు. రేకుల ఇంటి మీద తాటాకులు, కొబ్బరి మట్టలు పరిచే మన పల్లెలవాళ్ళకు ఇందులో కొత్తేమీ కనిపించదు. పాత జీపు కప్పు మీది లగేజి క్యారియరుకు అడుగున తెల్లని పలక ఒకటి బిగించినా ఇదే ఫలితం. ఖర్చు తక్కువ, లోపలి అందం చెడదు.

తారు షీటు, డ్రై ఐస్

బ్యుటైల్ కంటే చవగ్గా తారు షీట్లు దొరుకుతాయి. చల్లని దేశాల్లో అవి బాగానే నడుస్తాయి. మన వేసవిలో ఎండన నిలిపిన బండి రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. తారు మెత్తబడి, కప్పు నుంచి జారి, లోపలంతా రోడ్డు వేసేచోటి వాసన నింపుతుంది. నేలకైతే ఫరవాలేదు. కప్పుకూ తలుపులకూ వద్దు.

కంపెనీ వేసిన ముప్పై ఏళ్ళ నాటి తారును గీకడం నరకం. ఉలి జారి రేకు చిరుగుతుంది. దానికో మంచి చిట్కా ఉంది. మైనస్ 78.5 డిగ్రీల చలి ఉండే డ్రై ఐస్ ముక్కలు దాని మీద పరిచి పది నిమిషాలు ఆగితే తారు పెంకులా పెళుసవుతుంది. సుత్తితో తడితే పలకలు పలకలుగా లేచి వస్తుంది. తలుపులన్నీ తెరిచి, మందపాటి చేతి తొడుగులు వేసుకునే ఈ పని చేయాలి. డ్రై ఐస్ ఆవిరై కార్బన్ డయాక్సైడు వదులుతుంది, మూసిన కేబిన్లో అది ప్రాణాంతకం.

ఆ తారు కిందే చాలాసార్లు అసలు రంగు బయటపడుతుంది. తుప్పు కనిపిస్తే ముందు టింకరింగ్, తర్వాత రెడ్ ఆక్సైడు, పెయింటు. అప్పుడే కొత్త షీటు.

తలుపులో నీళ్ళు లోపం కాదు

అద్దం పక్కనుంచి వాన నీరు తలుపు లోపలికి దిగడం సహజం, అడుగు అంచులోని కంతల్లోంచి బయటికి పోవాలని అలా కట్టారు. ఆ కంతలు మూసుకుపోతే తలుపు లోపల తొట్టి తయారవుతుంది. తలుపు అట్ట వెనక ఉండే పాలిథీన్ కాగితం కూడా ఆ నీటిని మన మోకాళ్ళ మీదికి రానివ్వని తెర. రిపేరుకని చింపిన ఆ కాగితం తిరిగి అతికించకుండా పారేస్తుంటారు. మందపాటి ప్లాస్టిక్ షీటు కొత్తగా అతికించమని దగ్గరుండి అడగండి. గాలి శబ్దమూ తగ్గుతుంది.

లంబసింగి చలిలో బండిలోనే పడుకునేవాళ్ళకు ఇంకో నీటి బాధ. ఇద్దరు మనుషులు రాత్రంతా విడిచే ఊపిరిలో చాలా నీటి ఆవిరి ఉంటుంది. అది చల్లని కప్పు రేకును తాకి మంచులా పట్టి, ఫెల్టు వెనక చుక్కలుగా జారుతుంది. రేకుకు ఫోము ఖాళీ లేకుండా అంటుకుని ఉంటే అక్కడికి ఆవిరి చేరదు. కిటికీ వేలెడు తెరిచి పడుకోవడం ఊపిరికీ, రేకుకీ మంచిది.

నిమిషానికి నాలుగంగుళాలు

అమెరికాలో 1972 నుంచి అమల్లో ఉన్న 302వ నంబరు భద్రతా ప్రమాణం ప్రకారం బండి లోపల వాడే ఏ పదార్థమైనా నిమిషానికి 102 మిల్లీమీటర్ల కంటే వేగంగా మంట పాకనివ్వకూడదు. సిగరెట్టు పడ్డా, వైరు కాలినా మనిషి దిగి బయటపడే వ్యవధి అది. పరుపు స్పాంజికీ థర్మోకోలుకూ మామూలుగా ఈ పరీక్ష చేయరు. థర్మోకోలుకు ఇంకో బలహీనత కూడా ఉంది, పెట్రోలు చుక్క తగిలినా, కొన్ని బంకలు పూసినా కరిగి జిగురవుతుంది. ఏ మెత్తనైనా చిన్న ముక్కకు ఆరుబయట నిప్పు పెట్టి, చూసి మరీ కొనండి. మంట తీయగానే ఆరిపోయేదే బండిలోకి రావాలి.

పైసా ఖర్చు లేనిది

జీపు ముందు అద్దం దాదాపు నిలువుగా గాలికి ఎదురు నిలుస్తుంది. అంచుల దగ్గర గాలి సుడులు తిరిగి చేసే హోరు వేగంతో చాలా చురుగ్గా పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు వెళ్తే ఆ ఒక్కటే 6 డెసిబెల్స్ దాకా ఎక్కుతుంది. రెట్టింపు బరువు గోడ కట్టి సంపాదించినంత నిశ్శబ్దం పెడలు మీద కాలు కాస్త ఎత్తితే చేతికొస్తుంది. చెవులకూ ఇది అవసరమే. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగమవుతాయి. 91 దగ్గర రెండు గంటలే.

మరీ నిశ్శబ్దమైతే

2020లో రోల్స్ రాయిస్ కొత్త ఘోస్ట్ కారులో 100 కిలోలకు పైగా శబ్దాన్ని ఆపే సామగ్రి పెట్టారు. తీరా నడిపి చూస్తే లోపలి నిశ్శబ్దం మనుషుల్ని తికమక పెట్టిందట. దాంతో సీట్లతో సహా లోపలి భాగాలన్నీ ఒకే మెత్తని స్వరంలో పలికేలా సవరించి, కొంచెం శబ్దాన్ని తిరిగి తెచ్చారు.

పాత జీపుకు ఆ బెడద రాదు. కానీ ఇంజను హోరు తగ్గిన మొదటి ప్రయాణంలో ఇంతకాలం దాని చాటున దాగిన చప్పుళ్ళన్నీ ఒకేసారి బయటికొస్తాయి. గ్లవ్ బాక్సు మూత, వదులైన వెనక తలుపు గడియ, సీటు కింద దొర్లే జాకీ రాడ్డు. కొత్తగా పాడైనవేమీ కావివి, ఎన్నో ఏళ్ళుగా మోగుతున్నవే. ఆ రోజు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, చేతికి ఓ ఫెల్టు ముక్కల సంచి ఇచ్చి బయల్దేరండి.